ఓడ రాని రేవు

పేరులోనే ఓడ ఉంది. ఒడ్డున లైట్‌హౌస్ ఉంది. రేవు కడతామంటూ వేల ఎకరాలు చుట్టబెట్టిన చరిత్రా ఉంది. లేనిదల్లా ఓడ ఒక్కటే! గల్ఫ్‌లోని ఓ చిన్న రాజ్యంతో మన రాష్ట్ర ప్రభుత్వం నేరుగా కుదుర్చుకున్న ఒప్పందం ఈ తీరాన్ని ఎక్కడెక్కడికి తీసుకెళ్లిందో చెప్పే కథ ఇది.

చీరాలలో ఆటో ఎక్కితే పావుగంటలో వాడరేవు. ఆదివారం వచ్చిందంటే గుంటూరు నుంచీ నరసరావుపేట నుంచీ కుటుంబాలు కుటుంబాలుగా దిగుతాయి. పిల్లలు అలల్లోకి పరుగెడుతుంటే, కాస్త దూరంలో తెల్లవారుజామున వేటకెళ్లిన పడవలు ఒడ్డుకు చేరుతుంటాయి. ఇసుకలోనే చేపల పాట మొదలవుతుంది. చూస్తే ఇదో మామూలు బీచ్. కానీ ఈ ఊరి పేరు హైదరాబాద్ సీబీఐ కోర్టు కాగితాల్లో ఉంది. గల్ఫ్ రాజ్యం దస్త్రాల్లో ఉంది. యూరప్‌లో జరిగిన ఓ నిర్బంధం వెనకా ఉంది!

పాత తెలుగులో 'వాడ' అంటే ఓడే. వాడబలిజలన్న పేరులో ఉన్నదీ ఆ వాడే. అంటే వాడరేవు అన్నా ఓడరేవు అన్నా ఒకటే.

అప్పుడు వాళ్లొచ్చారు

ఈ తీరానికి విదేశీ వర్తక కార్యాలయాలు కొత్తేం కాదు. నిజాంపట్నాన్ని ఒకప్పుడు ఐరోపా వర్తకులు పేటపోలి అని పిలిచేవారు. 1606లో డచ్చివాళ్లు అక్కడ కొట్టు తెరిచారు. 1611లో ఈస్టిండియా కంపెనీ పంపిన 'గ్లోబ్' అనే ఓడ అక్కడికే వచ్చి ఆగింది. వాళ్లకు కావాల్సింది మన బట్ట... చిరివేరుతో ఎర్రటి రంగు అద్దిన నూలు బట్ట. ఆ కార్యాలయాలను 'ఫ్యాక్టరీ' అనేవారు. అక్కడ తయారయ్యేదేమీ ఉండదు. కొనడం, నిల్వ చేయడం, ఓడకెక్కించడం... అంతే. గోల్కొండ సుల్తాను అనుమతి కావాలి. ఆపైన స్థానిక అధికారులకు కానుకలూ సమర్పించుకోవాలి. వ్యాపారం చేయాలంటే సరుకు ఒక్కటే చాలదు, ఏలినవారి దయా కావాలన్నది ఆనాడే తెలిసిన పాఠం!

ఇప్పుడు మనమే వెళ్లాం

నాలుగు వందల ఏళ్ల తర్వాత దారి తిరగబడింది. పెట్టుబడుల కోసం రాష్ట్రాలే విదేశాలకు వెళ్లడం మొదలుపెట్టాయి. నిజానికి విదేశాలతో ఒప్పందాలూ విదేశీ వాణిజ్యమూ రాజ్యాంగం ప్రకారం కేంద్రం పరిధిలోనివి. చిన్న రేవుల నిర్వహణ మాత్రం రాష్ట్రాల చేతుల్లో ఉంది. ఆ వెసులుబాటుతోనే వాడరేవు తెరమీదికి వచ్చింది.

2008 మార్చిలో, వై.ఎస్.రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రస్ అల్ ఖైమా ప్రభుత్వంతో అవగాహన ఒప్పందం కుదుర్చుకుంది. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లోని ఏడు రాజ్యాల్లో రస్ అల్ ఖైమా ఒకటి. వాడరేవు, నిజాంపట్నం దగ్గర రెండు రేవులు, వాటిని కలుపుతూ పారిశ్రామిక కారిడార్... ఇదీ ప్రణాళిక. ముద్దుగా 'వాన్‌పిక్' అన్నారు. అంచనా వ్యయం దాదాపు 17 వేల కోట్ల రూపాయలు. కావాల్సిన భూమి దాదాపు 28 వేల ఎకరాలు.

ప్రభుత్వానికీ ప్రభుత్వానికీ మధ్య ఒప్పందం... వినడానికి ఎంతో పెద్దరికంగా ఉండే మాట. అవతల ఉన్నది ఓ రాజ్యం కాబట్టి టెండర్లు ఎందుకని ఎవరూ అడగరు. అసలు మెలిక అక్కడే ఉంది. రస్ అల్ ఖైమాకు ఇక్కడ ఓ స్థానిక భాగస్వామి కావాలి. మ్యాట్రిక్స్ ల్యాబొరేటరీస్‌తో పేరు తెచ్చుకున్న పారిశ్రామికవేత్త నిమ్మగడ్డ ప్రసాద్ సంస్థ ఆ స్థానంలోకి వచ్చింది. పోటీ లేకుండా ఓ సంస్థకు నేరుగా ఇవ్వాలంటే ప్రభుత్వానికి వంద ప్రశ్నలు ఎదురయ్యేవి. విదేశీ ప్రభుత్వం ఎంచుకున్న భాగస్వామి అనేసరికి ఆ ప్రశ్నలకు చోటే లేకపోయింది.

కోర్టు మెట్లెక్కిన కారిడార్

2011 ఆగస్టులో హైకోర్టు ఆదేశాలతో వై.ఎస్.జగన్మోహన్‌రెడ్డి ఆస్తులపై సీబీఐ దర్యాప్తు మొదలైంది. అందులో వాన్‌పిక్ ఓ ముఖ్య అధ్యాయం. ఈ ప్రాజెక్టు దక్కినందుకు ప్రతిఫలంగా నిమ్మగడ్డ ప్రసాద్ దాదాపు 854 కోట్ల రూపాయలను జగన్ కంపెనీల్లో పెట్టుబడిగా పెట్టారన్నది సీబీఐ అభియోగం. కాదు, అవి మామూలు వ్యాపార పెట్టుబడులేనన్నది నిందితుల వాదన. 2012 మే నెలలో ప్రసాద్, ఒప్పందం నాటి మౌలిక వసతుల మంత్రి మోపిదేవి వెంకటరమణ, జగన్ వరసగా అరెస్టయ్యారు. అదే ఆగస్టులో దాఖలైన అభియోగపత్రంలో నాటి రెవెన్యూ మంత్రి ధర్మాన ప్రసాదరావు పేరూ ఉంది. తర్వాత అందరూ బయటికొచ్చారు. ఎన్నికలు వచ్చాయి, పోయాయి. జగన్ ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన కేబినెట్‌లో మోపిదేవీ ధర్మానా మంత్రులయ్యారు. 2024లో మోపిదేవి తెలుగుదేశంలో చేరారు. కేసులో తుది తీర్పు మాత్రం రాలేదు.

ఇంకో మలుపు చూడండి. 2019 జులైలో నిమ్మగడ్డ ప్రసాద్‌ను సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్‌లో నిర్బంధించారు. ఫిర్యాదు చేసింది ఎవరనుకున్నారు... ఒకనాటి భాగస్వామి రస్ అల్ ఖైమాయే! ఆయన్ను విడిపించేలా చూడమంటూ వైసీపీ ఎంపీలు కేంద్ర విదేశాంగ మంత్రిని ఆశ్రయించారు. ఢిల్లీని పక్కన పెట్టి మొదలైన బేరం చివరికి ఢిల్లీ గుమ్మం దగ్గరికే చేరిందన్నమాట.

పార్టీ మారితే పద్ధతి మారిందా?

ఇది ఒక్క పార్టీ కథ అనుకుంటే పొరపాటే. రాష్ట్ర విభజన తర్వాత తెలుగుదేశం ప్రభుత్వం సింగపూర్ వైపు చూసింది. అమరావతి స్టార్టప్ ప్రాంతాన్ని 'స్విస్ ఛాలెంజ్' పద్ధతిలో సింగపూర్ కంపెనీల కూటమికి అప్పగించింది. సింగపూర్ ప్రభుత్వం వేరు, సింగపూర్ కంపెనీలు వేరు అన్న తేడా సామాన్యుడికి తెలిసేలోపే ప్రభుత్వం మారింది. 2019 నవంబరులో ఆ ఒప్పందం రద్దయింది.

విదేశాల్లో రాష్ట్ర ప్రతినిధుల పదవులదీ అదే తీరు. ఉత్తర అమెరికాకు రాష్ట్ర ప్రభుత్వ ప్రత్యేక ప్రతినిధిగా తెలుగుదేశం హయాంలో తానా మాజీ అధ్యక్షుడొకరు ఉంటే, ప్రభుత్వం మారగానే వైసీపీ ప్రవాస విభాగం నాయకుడొకరు వచ్చారు. వ్యక్తుల సమర్థత గురించి కాదు మాట. అధికారం ఎవరిదైతే పదవి వారి మనిషిదన్నది ఆనవాయితీ అయిపోవడమే అసలు సమస్య.

ఈ జబ్బు మనొక్కరిదే కాదు. ఆస్ట్రేలియాలోని న్యూసౌత్‌వేల్స్ రాష్ట్రం న్యూయార్క్‌లో వాణిజ్య కమిషనర్ పదవికి 2022లో తమ మాజీ డిప్యూటీ ప్రీమియర్‌నే ఎంపిక చేసింది. జీతం ఏడాదికి దాదాపు 5 లక్షల ఆస్ట్రేలియా డాలర్లు. అంతకుముందు ఆ ఉద్యోగం ఇస్తామని ఓ అధికారిణికి చెప్పి వెనక్కి తీసుకున్న సంగతి బయటపడింది. గగ్గోలు రేగడంతో ఆయన తప్పుకున్నారు. విచారణ నడిచింది, ఆ వ్యవహారంలో మంత్రి ఒకరు రాజీనామా చేశారు. అమెరికాలోని కాలిఫోర్నియా అయితే విదేశాల్లోని తన 12 వాణిజ్య కార్యాలయాలనూ 2003లో మూసేసింది. లోటు బడ్జెట్టు ఒక కారణం. సాధించామని చెప్పుకున్న విజయాల్లో చాలావరకు ఉత్తివేనని ఓ పత్రిక బయటపెట్టడం మరో కారణం.

మిర్చి రైతుకు ఏం ఒరుగుతుంది?

అలాగని విదేశాల్లో మన మనిషి ఉండటం దండగని కాదు. గుంటూరు మిర్చినే తీసుకోండి. 2003లో భారత్ నుంచి వెళ్లిన కారంలో సుడాన్ రంగు దొరికిందని యూరప్ దేశాలు తలుపులు బిగించాయి. ఎక్కడో ఎవరో చేసిన కల్తీకి ఇక్కడి రైతూ వ్యాపారీ ఉలిక్కిపడ్డారు. ఆ తర్వాతే ఎగుమతయ్యే కారానికి స్పైసెస్ బోర్డు పరీక్షలు తప్పనిసరి అయ్యాయి. అఫ్లటాక్సిన్ పరిమితులతో ఇప్పటికీ తిప్పలే. కళ్లంలో కాయ సరిగా ఎండకపోతే పట్టే బూజు విషమది. ఏ దేశం ఏ నిబంధన మార్చింది, ఏ మందు కొడితే ఏ ఓడరేవులో సరుకు వెనక్కొస్తుంది... ఇవి ముందే కనిపెట్టి మార్కెట్ యార్డుకు చేరవేసే మనిషి కావాలి. ఆ పనికి కావాల్సింది సరుకు తెలిసినవాడు. నాయకుడికి తెలిసినవాడు కాదు.

అందుకే రేపు మరో ముఖ్యమంత్రి మరో దేశం నుంచి ఒప్పందం పట్టుకొస్తే నాలుగు ప్రశ్నలు అడగాలి. అవతల సంతకం పెట్టింది ప్రభుత్వమా, కంపెనీయా? స్థానిక భాగస్వామిని ఎవరు, ఏ పోటీ పెట్టి ఎంచారు? గడువులోగా పని మొదలు కాకపోతే భూమి ఎవరికి తిరిగొస్తుంది? అక్కడ మన తరఫున కూర్చున్న ప్రతినిధి ఏడాదికోసారి అసెంబ్లీకి లెక్క చెబుతాడా?

వాడరేవు విషయంలో మూడో ప్రశ్న అన్నింటికన్నా బరువైనది. ఈ తీరంలో ఒప్పందానికి చిక్కిన భూముల్లో పేదలకు ప్రభుత్వమే పంచిన అసైన్డ్ భూములూ ఉన్నాయి. వాటిని ఎవరూ కొనకూడదని, అమ్మకూడదని 1977 నాటి చట్టం అప్పుడు చెబుతూనే ఉంది. రేవు వస్తుంది, పిల్లలకు ఉద్యోగాలొస్తాయి అన్న ఒక్క మాట మీద వదులుకున్న నేల అది. ఉద్యోగం చేయాల్సిన ఆ పిల్లలకు ఇప్పుడు వాళ్ల పిల్లలు.

సాయంత్రమైంది. ఆదివారం జనం చీరాల దారి పట్టారు. 2022లో జిల్లాల విభజన జరిగి వాడరేవు ప్రకాశం నుంచి బాపట్లలో కలిసింది. జిల్లా మారింది, ప్రభుత్వాలు మారాయి. పెద్ద రేవు మాట పోయి చేపల రేవు మాట వచ్చింది. చీకటి పడగానే లైట్‌హౌస్ మాత్రం ఎప్పట్లాగే వెలుగుతుంది... రావాల్సిన ఓడకు దారి చూపిస్తూ!