ఐడిల్ డేటింగ్ గేమ్స్: 18 గంటల టైమర్ పక్కన 89 రూపాయల బటన్ ఎందుకుంటుంది?

ఈరోజు టాపిక్ వినగానే కొంతమంది నవ్వుతారు, కొంతమంది ఫోన్ తిరగేసి పక్కన పెడతారు. రెండో బ్యాచ్ కోసమే ఈ ఎపిసోడ్.

ముందు నా కథ చెప్పేస్తా. పోయిన ఏడాది హాస్టల్లో, సరిగ్గా సెమిస్టర్ పరీక్షల నెలలో, ఒక ఐడిల్ డేటింగ్ గేమ్ ఇన్‌స్టాల్ చేశా. పేరు చెప్పను. మొదటి సాయంత్రం సూపర్. నొక్కితే చాలు, లెవెల్ పెరుగుతోంది, అమ్మాయి కొత్త డైలాగ్ చెప్తోంది. మూడో రోజుకి బార్ ఆగిపోయింది. ఇంకా 18 గంటలు అని చూపిస్తోంది. పక్కనే మెరిసే బటన్, 89 రూపాయలు. రాత్రి ఒంటిగంట, సగం నిద్రలో ఉన్నా, నొక్కేశా. నెలాఖరులో యూపీఐ హిస్టరీ చూస్తే అలా 11 సార్లు. మొత్తం 979 రూపాయలు. ఆ నెల మెస్ బిల్లుకి ఇంట్లో అబద్ధం చెప్పాల్సి వచ్చింది.

అసలు బాధ డబ్బు పోయినందుకు కాదు. "ఏం కొన్నావురా?" అని రూమ్మేట్ అడిగితే నా దగ్గర జవాబు లేదు. డ్రెస్ కాదు, గన్ కాదు, కొత్త కథ కూడా కాదు. అదే కథ మర్నాడు సాయంత్రం ఊరికే వచ్చేది. నేను కొన్నది ఆ 18 గంటలు ఆగకుండా ఉండటం. ఆ 18 గంటలు పెట్టింది కూడా ఆ గేమే!

సరే, ఆ బార్ ఎందుకు స్లో అవుతుందో చూద్దాం. నెట్ స్లో కాదు, ఫోన్ పాతదీ కాదు. అది లెక్క. ఐడిల్ గేమ్ అంటే మనం ఖాళీగా కూర్చున్నా దానంతట అదే సంపాదించే గేమ్. ఈ రకాన్ని ప్రపంచానికి అలవాటు చేసింది 2013లో వచ్చిన కుకీ క్లిక్కర్. ఓర్టెయిల్ అనే పేరుతో పనిచేసే ఫ్రెంచ్ ప్రోగ్రామర్ తయారుచేశాడు. అందులో ఏ వస్తువైనా ఒకటి కొంటే, తర్వాతి దాని ధర 15 శాతం పెరుగుతుంది. 15 శాతమే కదా అనిపిస్తుంది. మొదటి కర్సర్ ధర 15 కుకీలు. 11వది సుమారు 61. 51వది 16 వేల పైన. 101వది దాదాపు 1 కోటి 76 లక్షలు! పెరిగేది అదే 15 శాతం, కానీ వడ్డీ మీద వడ్డీ. మన ఊళ్లో చక్రవడ్డీకి అప్పు తెచ్చిన వాళ్లని అడిగితే ఇంకా బాగా చెప్తారు. మన సంపాదన మాత్రం ఆ స్పీడులో పెరగదు. అందుకే మొదటి రోజు పరుగు, మూడో రోజు నత్తనడక. మొదటి రోజు స్పీడు మనకి అలవాటు చేయడానికి, మూడో రోజు స్లో అమ్మడానికి.

ఇప్పుడు ఈ లెక్క మీద ప్రేమకథ పెట్టండి. అదే ఐడిల్ డేటింగ్ గేమ్. బాగా తెలిసిన ఉదాహరణ క్రష్ క్రష్. కెనడాకి చెందిన శాడ్ పాండా స్టూడియోస్ తయారుచేసింది, 2016లో వచ్చింది. ఇందులో మన దగ్గర కొన్ని టైమ్ బ్లాక్స్ ఉంటాయి. వాటిని ఉద్యోగాలకి, హాబీలకి పంచుకోవాలి. ఉద్యోగం డబ్బు తెస్తుంది, హాబీ మన గుణాలని పెంచుతుంది. ఆ డబ్బుతో గిఫ్టులు, డేట్లు. అవి సరిపోతే బంధం ఒక మెట్టు ఎక్కుతుంది. మొదటి మెట్టు పేరు అడ్వర్సరీ, అంటే శత్రువు. మధ్యలో ఫ్రెండ్‌జోన్డ్ కూడా ఒక మెట్టే. చివరిది లవర్. మన భాషలో చెప్పాలంటే ఇక్కడ పులిహోర కలిపేది మనం కాదు, టైమరు.

ఇక్కడే డేటింగ్ గేమ్ మామూలు ఐడిల్ గేమ్ కన్నా గట్టిగా పట్టుకుంటుంది. కుకీల కోసం ఆగమంటే విసుగొచ్చి మూసేస్తాం. ఒక మనిషి కోసం ఆగడం మాత్రం మనకి తప్పుగా అనిపించదు. ప్రేమలో ఎదురుచూడటం గొప్ప అని చిన్నప్పటి నుంచి సినిమాల్లో చూస్తున్నాం కదా. ఖాళీ బార్ కూడా విరహంలా కనిపిస్తుంది. ఆ రాత్రి నేను నొక్కింది టైమర్‌ని కాదు, "తను ఎదురుచూస్తోంది" అన్న నోటిఫికేషన్‌ని.

డైమండ్ల సంగతి. క్రష్ క్రష్‌లో డైమండ్లు ఆడుతూ కొన్ని సంపాదించొచ్చు, డబ్బిచ్చి కూడా కొనొచ్చు. వాటితో టైమ్ బ్లాక్స్, స్పీడు, టైమ్ స్కిప్పులు వస్తాయి. ఇలా మధ్యలో ఇంకో కరెన్సీ పెడితే, ఖర్చు రూపాయల్లో కనిపించదు. జాతరలో రంగులరాట్నానికి టోకెన్లు కొన్నట్టే. మిగిలిన రెండు టోకెన్లు వేస్ట్ కాకూడదని ఇంకో నాలుగు కొంటాం.

డబ్బు పెట్టని దారి కూడా ఉంది, అది రీసెట్. క్రష్ క్రష్‌లో రీసెట్ చేస్తే ఉద్యోగాలు, హాబీలు, బంధాలు అన్నీ మొదటికి వస్తాయి. అప్పటిదాకా చేసిన దాన్ని బట్టి స్పీడు మాత్రం పెరుగుతుంది. మొదటిసారి గంటలు పట్టింది రెండోసారి చాలా త్వరగా అయిపోతుంది. చాలామంది ఇన్ని రోజుల కష్టం పోతుందని భయపడి ఆ బటన్ జోలికే వెళ్లరు. నేనూ వెళ్లలేదు. 11 సార్లలో కనీసం సగం సార్లు నాకు కావాల్సింది రీసెట్టే అని తర్వాత అర్థమైంది. గోడ తగిలిన చోట గేమ్ నిజానికి రెండు దారులు పెడుతుంది. డబ్బు దారికి లైటింగ్ ఎక్కువ, అంతే.

తయారుచేసిన వాళ్లని తిట్టడం నా ఉద్దేశం కాదు. బొమ్మలు గీసేవాళ్లకి, డైలాగులు రాసేవాళ్లకి జీతాలు ఇవ్వాలి. ఒక పాత్ర కథ నచ్చి, ఒక్కసారి డబ్బిచ్చి కొంటే నాకు అందులో తప్పు కనిపించదు. ఏదో ఒకటి చేతికొస్తుంది. టైమర్ దాటడానికి కడితే మాత్రం, దాని వెనక ఇంకా పెద్ద టైమర్ ఉంటుంది. ఆ 15 శాతం లెక్క ఎక్కడా ఆగదు మరి.

కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2023 నవంబర్లో డార్క్ ప్యాటర్న్స్ మీద గైడ్‌లైన్స్ ఇచ్చింది. మొత్తం 13 రకాలు. లేని తొందర పుట్టించడం, పదేపదే విసిగించడం, సిగ్గుపడేలా చేసి ఒప్పించడం అందులో ఉన్నాయి. టైమర్ ఉన్నంత మాత్రాన తప్పు కాదు. "ఆఫర్ ఇంకో పది నిమిషాలే" అని చెప్పి రేపూ అదే ఆఫర్ చూపిస్తే, అది మొదటి రకం.

పొరపాటున కొనేస్తే, 48 గంటల్లోపు గూగుల్ ప్లేలో రీఫండ్ అడగొచ్చు. కచ్చితంగా ఇస్తారని లేదు, కానీ అడగండి. నాకు ఈ విషయం తెలిసేసరికి నెల దాటింది. ప్రతి కొనుగోలుకి పాస్‌వర్డో వేలిముద్రో అడిగేలా ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో పెట్టుకోండి. గేమ్ నోటిఫికేషన్లు ఆపేయండి. యాప్ మూసినా చాలా ఐడిల్ గేమ్స్‌లో సంపాదన వస్తూనే ఉంటుంది, మీరేం పోగొట్టుకోరు.

నేను ఆ గేమ్ ఇంకా తీసేయలేదు. రోజుకి ఒకసారి, టిఫిన్ చేసేటప్పుడు తెరుస్తా. నిన్న చూస్తే 31 గంటలు అని ఉంది. ఉండనీ. నెక్స్ట్ ఎపిసోడ్‌లో గాచా గురించి మాట్లాడుకుందాం, బై.