కట్ట మీద సినిమా మాటలు

పేపర్లో సినిమాకు చుక్కలు వేస్తారు. మూడు చుక్కలు, మూడున్నర చుక్కలు అని. మా వై.ఎన్.హొసకోటలో చుక్కల లెక్క లేదు. సాయంత్రం రావిచెట్టు కట్ట మీద ఐదారుగురం చేరతాము. ఎవరు ఏ సినిమా చూసినా అక్కడికి రావాల్సిందే, చెప్పాల్సిందే. బాగలేకుంటే "నిద్రొచ్చింది" అంటారు. బాగుంటే ఆ రాత్రి ఇంటికి పొయ్యేది లేటవుతుంది. అంతే మా లెక్క.

కూర్చునేది ఎవరంటే, అందరమూ దారంతో బతికినోళ్ళమే. నేను బెంగళూరులో ఒక నూలు మిల్లులో రింగ్ ఫ్రేము మీద పని చేసి, అది మూత పడినాక ఊరు చేరినాను. వార్పు మామ నలభై ఏళ్ళుగా పట్టు పడుగులు పోసినాడు. కరెంటు బావ పవర్‌లూములకు మోటార్లు రిపేరు చేసేవాడు. ఇంకో ఇద్దరు ఇప్పటికీ మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి పట్టుచీర నేస్తున్నారు. ఆడోళ్ళు కట్ట మీదికి రారు గానీ ఎదురిండ్ల అరుగుల మీద కండెలు చుట్టుకుంటా అన్నీ వింటారు. మాట తప్పు పోతే అక్కడి నుంచే సరిచేస్తారు.

మా తాలూకాకు మూడు పక్కలా ఆంధ్రనే. బడిలో కన్నడ, ఇంట్లో తెలుగు. అందుకే మాకు సినిమాలు రెండింతలు. చిన్నప్పుడు టెంటు సినిమా వస్తే నేల టికెట్టు కొని ఇసకలో కూర్చునేవాళ్ళం. ఒక వారం రాజ్‌కుమార్, ఒక వారం రామారావు. ఇద్దరూ మావాళ్ళే. 1972లో వచ్చిన బంగారద మనుష్య చూసి పట్నాల్లో చదువుకున్న పిల్లలు ఊళ్ళకు తిరిగొచ్చి సేద్యం పట్టుకున్నారని కర్ణాటకంతా ఇప్పటికీ చెప్పుకుంటారు. సినిమా మనిషిని మార్చగలదా అని మా కట్ట మీద వాదన వచ్చినప్పుడల్లా మొదట ఆ పేరే వస్తుంది.

ఈమధ్య మేము చూసినవాటిలో మొదట చెప్పాల్సింది మల్లేశం. అది 2019లో వచ్చిన సినిమా. మేము ఇప్పుడు చూసినాము, మనవడి ఫోన్లో, నలుగురు తలలు దగ్గర పెట్టుకుని. రాజ్ రాచకొండ తీసినాడు, ప్రియదర్శి వేషం కట్టినాడు. కథ నిజం కథే. తెలంగాణలో ఆలేరు పక్క ఊరి చింతకింది మల్లేశం, ఆరో తరగతి దాటని చేనేత పిల్లోడు. పోచంపల్లి చీరలకు నేసే ముందు ఆసు పొయ్యాల. అంటే దారం పట్టుకుని మేకుల చుట్టూ చెయ్యి పైకీ కిందికీ ఆడించాల. ఒక చీరకు దాదాపు 9,000 సార్లు. రోజుకు రెండు చీరలంటే 18,000 సార్లు. ఆ పని వాళ్ళమ్మ చేసేది. ఆమె భుజాల నొప్పి చూడలేక ఏండ్లు తంటాలు పడి 1999లో మిషన్ తయారు చేసినాడు. అమ్మ పేరే పెట్టినాడు, లక్ష్మీ ఆసు యంత్రం అని. 2017లో సర్కారు పద్మశ్రీ ఇచ్చింది.

సినిమా అయిపోయినాక కొంచెం సేపు ఎవరూ మాట్లాడలేదు. మొదట కరెంటు బావ నోరు తెరిచినాడు.

"సినిమా బాగుందప్పా. కాదనను. కానీ మిషన్ను దేవుణ్ణి చేసి చూపించినాడు. మిషన్ వచ్చినాక మన బతుకులేమైనాయో మనకు తెలీదా?"

ఆ మాట నాకు తగిలింది. మా మిల్లులో వైండింగ్ ఖాతాలో ఆడోళ్ళు వరసగా నిలబడి పని చేసేవాళ్ళు. ఆటో కోనర్ వచ్చినాక ఆ వరస తగ్గిపోయింది. దారం తెగితే మిషనే ముడి వేసుకుంటుంది. ఇంక చేతులెందుకు? అట్ల పని పోయినోళ్ళలో మా సందులో వాళ్ళూ ఉన్నారు.

అప్పుడు ఎదురు అరుగు మీద నుంచి మా ఇంటామె అడ్డు వచ్చింది. "మీరిద్దరూ మిషన్ గురించే మాట్లాడతారు. ఆయమ్మ భుజం గురించి మాట్లాడరేం? నా మెడ ఎట్లుందో ఎవరన్నా సినిమా తీసినారా?"

దాని మీద రెండు సాయంత్రాలు నడిచింది వాదన. తేల్చింది వార్పు మామ. "ఆ మిషన్ ఆయమ్మ ఇంట్లో ఉంది. నొప్పి పోయింది, పని పోలేదు, చీర వాళ్ళదే. మీ మిల్లు మిషన్ షావుకారిది. నొప్పీ పోయింది, పనీ పోయింది. మిషన్‌లో ఏం లేదు సామీ, అది ఎవరి ఇంట్లో ఉందనేదే లెక్క."

ఇంత చదువు లేని మనిషి అంత మాట అన్నాడు. ఈ పత్రిక చదివే పిల్లలు దాన్ని గుర్తు పెట్టుకోవాల. రేపు మీ ఫ్యాక్టరీకి కొత్త మిషన్ వస్తే ముందు అడగాల్సిన మాట అదే. దీంతో తగ్గే నొప్పి ఎవరిది, మిగిలే డబ్బు ఎవరిది?

తర్వాత చూసింది కాంచీవరం. అరవ సినిమా, ప్రియదర్శన్ తీసినాడు. మన బెంగళూరు ప్రకాశ్ రాజ్‌కు దాంట్లో ఉత్తమ నటుడని జాతీయ అవార్డు వచ్చింది. మాట అర్థం కాకున్నా మగ్గం అర్థమవుతుంది. బ్రిటీషోళ్ళ కాలం నాటి నేతగాడు. బిడ్డ పెండ్లికి పట్టుచీర కట్టిస్తానని మాట ఇచ్చినాడు. జీవితమంతా పట్టు నేసేవాడే, ఒక్క పట్టుచీర కొనలేడు. దాంతో పనికాడ నుంచి రోజూ కొంచెం పట్టుదారం నోట్లో దాచుకుని ఇంటికి తెస్తాడు. చివర ఏమైందో నేను చెప్పను, చూడండి. చూసే ముందు అన్నం తినండి, తర్వాత తినలేరు.

దీని మీద మా వాళ్ళు రెండు పక్షాలైనారు. ఇప్పటికీ నేసే తమ్ముడికి కోపం వచ్చింది. "నేతగాణ్ణి దొంగను చేసినాడు. మేము తూకం వేసుకుని పట్టు తెస్తాం, తూకం వేసి చీర ఇస్తాం. ఒక తులం తగ్గితే కూలిలో పట్టుకుంటారు. నోట్లో పెట్టుకుంటే తెలీకుండా పోతుందా?" అన్నాడు.

వార్పు మామ మెల్లగా అన్నాడు, "దొంగ ఎవురని ఆ సినిమా అడుగుతోంది. వాడేనని చెప్పలేదు."

నేను ఇంటికొచ్చి మా ఇంటామె పెట్టె గుర్తు చేసుకున్నాను. మా పెండ్లి నాటి చీర ఒక్కటే పట్టుది. ధర్మవరం ఇటుపక్క, మొళకాల్మూరు అటుపక్క, నడుమ మా ఊరు. పట్టు లేని సందు లేదు. అయినా కండెలు చుట్టే ఆడోళ్ళ పెట్టెల్లో ఎన్ని పట్టుచీరలున్నాయో మీరే లెక్క వేసుకోండి.

మూడోది బలగం. 2023 మార్చిలో వచ్చింది. వేణు యెల్దండి తీసినాడు. ఆయనది సిరిసిల్ల, మరమగ్గాల ఊరు. అందుకే మాకు మొదటి నుంచీ అభిమానం. ఇందులోనూ ప్రియదర్శే. తెలంగాణలో పల్లెల్లో తెరలు కట్టి ఊరూరంతా కలిసి చూసినారు. కథ చిన్నది. తాత చచ్చిపోతాడు. కాకి పిండం ముట్టదు. ఎందుకు ముట్టదంటే ఇంటి అల్లుడు ఇరవై ఏండ్ల కింద విందులో నల్లిబొక్క కాడ అవమానమైందని అలిగి పోయినాడు, అన్నా చెల్లెలు విడిపోయినారు. ఆఖర్లో పస్తం మొగిలయ్య, కొమురమ్మ అనే బుడగజంగాల దంపతులు కథ పాడతారు. ఆ పాట కాడ ఏడవని మనిషిని నేను చూడలేదు. అందులో ఊరి పాటకు కాసర్ల శ్యామ్‌కు జాతీయ అవార్డు కూడా ఇచ్చినారు.

"నల్లిబొక్క కోసం ఇరవై ఏండ్లా?" అని కరెంటు బావ నవ్వినాడు. ఎవరూ నవ్వలేదు. ఎందుకంటే మా గుంపులో ఒకాయన ఉన్నాడు. నాయన పోయినాక ఒక మగ్గం, రెండు అంకణాల ఇల్లు, వాటి మీద అక్కతో మాట తేడా వచ్చింది. పదహైదేండ్లు మాటల్లేవు. అక్క ఊరు మడకశిర పక్క. బస్సులో పోతే పొద్దున పోయి సాయంత్రం రావచ్చు. పోలేదు. సినిమా అయినాక ఆయన ఒక్క మాట మాట్లాడకుండా చెప్పులేసుకుని వెళ్ళిపోయినాడు.

పది రోజులు కట్ట మీదికి రాలేదు. వచ్చినాక అడిగితే చెప్పినాడు. "పోయినాను. గడప కాడ నిలబడినాను. చూసింది. లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చింది. అన్నం తినమని అనలేదు. తాగి వచ్చేసినాను."

"మళ్ళీ పోతావా?" అని వార్పు మామ అడిగినాడు.

"నీళ్ళిచ్చింది కదా" అన్నాడు.

ఆయన పేరు రాయొద్దన్నాడు, రాయలేదు. విషయం రాయమన్నాడు. ఆ లెక్క ఇంకా తేలలేదు. సినిమాలో అయితే రెండున్నర గంటల్లో అందరూ కలుస్తారు. ఊళ్ళో అట్ల కాదు. ఒక చెంబు నీళ్ళకు పదహైదేండ్లు పట్టింది. అన్నానికి ఎన్నాళ్ళు పడుతుందో.

పెద్ద సినిమాలు చూడలేదా అంటే చూసినాము. పుష్పకు మా మనవళ్ళు పడి చస్తారు. తగ్గేదేలే అని బడికి పోతా అంటారు, లెక్కల పరీక్షలో మాత్రం తగ్గుతారు. కాంతార మాత్రం ముసిలోళ్ళం కూడా రెండుసార్లు చూసినాము. 2022లో రిషబ్ శెట్టి తీసి తానే వేషం కట్టినాడు, దానికీ జాతీయ అవార్డు. రాజు ఒకప్పుడు ఊరికిచ్చిన భూమిని వారసులు మళ్ళీ అడుగుతారు, దైవం అడ్డం నిలుస్తుంది. కరావళి కథ అది. మాకెందుకు అంతగా పట్టిందంటే మా తాలూకాలో తిరుమణి కాడ సోలార్ పార్కు ఉంది. దాదాపు 13,000 ఎకరాలు, 2,050 మెగావాట్లు. రైతులు భూమి అమ్మలేదు, లీజుకిచ్చినారు. మొదట్లో ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయలు. వానలు లేని ఊర్లకు అది పెద్ద దుడ్డే. "భూమి ఉన్నోడికి బాడుగ వస్తుంది, ఆ భూమిలో కూలికి పోయేవానికి ఏమొస్తుంది? వాని తరఫున ఏ దైవం అడగల్ల?" అన్నాడు నేసే తమ్ముడు. కాంతార గురించి ఏ పేపర్లోనూ నేను ఈ మాట చదవలేదు.

ఇన్ని చూసినాక మాకు ఒకటి తెలిసొచ్చింది. పని చేసే చేతుల్ని దగ్గర నుంచి చూపించే సినిమాలు తక్కువ. వచ్చినప్పుడు మనం చూడకపోతే తీసేవాళ్ళు కూడా ఉండరు. ఈ పత్రిక చదివే కుటుంబాలకు నేను చెప్పేది మూడే. ఒకటి, ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కొక్క ఫోన్లో కాకుండా నెలకొక సినిమా అందరూ కలిసి చూడండి. రెండు, చూసినాక ఆ పని తెలిసిన పెద్దోళ్ళను, ఇది నిజమేనా అని అడగండి. వాళ్ళు చెప్పేది సినిమా కంటే బాగుంటుంది. మూడు, ఆడోళ్ళను మొదట మాట్లాడనియ్యండి.

వచ్చే నెల ఏం చూడాలో మా ఇంటామె తేల్చేసింది. 35 చిన్న కథ కాదు. పది ఫెయిలైన తిరుపతి ఇల్లాలు ఒకామె, కొడుకుకు లెక్కల్లో 35 మార్కులు తెప్పించాలని పడే పాట్ల కథంట. ఆమె మూడో తరగతి, నేను నాలుగు. లెక్కలు మాకు అర్థమవుతాయో లేదో గానీ, మనవణ్ణి మాత్రం పక్కన కూర్చోబెట్టుకుంటాము.