కౌంటీల్లో శతకాల మోత.. టెస్టుల్లో నిరాశ

దేశవాళీ క్రికెట్లో పరుగుల వరద పారించిన బ్యాట్స్‌మన్ జాతీయ జట్టులో ఎందుకు విఫలమవుతాడు? 1990వ దశకపు ఇంగ్లండ్ జట్టే ఇందుకు ప్రబల నిదర్శనం.

1991 జూన్‌లో హెడింగ్లేలో వెస్టిండీస్‌పై గ్రేమ్ హిక్, మార్క్ రాంప్రకాశ్ ఒకే టెస్టులో అరంగేట్రం చేశారు. నేటి జింబాబ్వేలో జన్మించిన హిక్, ఇంగ్లండ్‌కు ఆడే అర్హత కోసం ఏడేళ్లు నిరీక్షించాడు. ఆలోగా 1988లో వోర్సెస్టర్‌షైర్ తరఫున అజేయంగా 405 పరుగులు సాధించాడు. ఫస్ట్‌క్లాస్ క్రికెట్లో హిక్ 136, రాంప్రకాశ్ 114 శతకాలు నమోదు చేశారు. టెస్టు సగటులు మాత్రం 31, 27 వద్దే ఆగిపోయాయి.

ఆంబ్రోస్ బంతులకు హిక్ తడబడిన మాట వాస్తవమే. తొలి సిరీస్ ముగియకముందే అతనిపై వేటు పడింది. అసలు లోపం ఎంపికలోనే ఉంది. 1989 యాషెస్‌లో ఆరు టెస్టులకు ఏకంగా 29 మందిని ఆడించిన ఇంగ్లండ్ 0-4తో ఓడింది. ఒకటి రెండు వైఫల్యాలకే స్థానం పోతుందన్న భయంతో ఎవరు స్వేచ్ఛగా ఆడగలరు? 1995లో సిడ్నీలో హిక్ 98 పరుగుల వద్ద ఉండగా కెప్టెన్ అథర్టన్ ఇన్నింగ్స్ డిక్లేర్ చేశాడు. ఆస్ట్రేలియాపై హిక్‌కు టెస్టు శతకం దక్కనేలేదు. రాంప్రకాశ్ తొలి శతకం 1998లో గానీ రాలేదు.

2000లో బోర్డు నేరుగా కాంట్రాక్టులు ఇవ్వడం ప్రారంభించింది. అంతవరకు ఆటగాళ్లు కౌంటీల ఉద్యోగులే. అలసటతోనే టెస్టులకు వచ్చేవారు. కౌంటీ రికార్డు సాదాసీదాగా ఉన్న మైకేల్ వాన్, ట్రెస్కోథిక్ కొత్త విధానంలో నిలదొక్కుకున్నారు. వాన్ సారథ్యంలో 2005లో యాషెస్ దక్కింది. 52 టెస్టులతో సరిపెట్టుకున్న రాంప్రకాశ్‌ను 2014లో అదే జట్టుకు బ్యాటింగ్ కోచ్‌గా నియమించారు.