పక్షుల్ని చూడ్డానికి వెళ్తున్నారా?

"రోజూ పొద్దున్నే ఓ గంట నడవండి" అని డాక్టరు చెబుతాడు. రక్తపోటున్న ఆయన, చక్కెర వ్యాధి ఉన్న ఆవిడ వారం రోజులు శ్రద్ధగా నడుస్తారు. ఎనిమిదో రోజుకి విసుగు పుడుతుంది. అదే వీధి, అవే గోడలు! నడక మానేసే చాలామందికి కాళ్ళనొప్పులకన్నా ఈ విసుగే అసలు జబ్బు. దీనికి ఖర్చు తక్కువ మందు ఒకటుంది. పక్షుల్ని చూడటం.

2022లో లండన్‌లోని కింగ్స్ కాలేజీ పరిశోధకులు 1292 మంది మనఃస్థితిని గమనించి చేసిన అధ్యయనాన్ని ప్రచురించారు. పక్షుల్ని చూసినప్పుడు, వాటి కూత విన్నప్పుడు మనసు తేలికపడుతోందనీ, ఆ హాయి ఎనిమిది గంటల దాకా నిలవవచ్చుననీ తేల్చారు. దిగులు జబ్బుతో బాధపడేవారిలో కూడా ఈ మేలు కనిపించింది. అంతమాత్రాన మాత్రలు మానేయమని కాదు. మాత్రలకు ఇది మంచి తోడు.

ఎక్కడికి వెళ్ళాలి?

ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో సూళ్ళూరుపేట వైపు వెళ్ళండి. అక్కడినుంచి శ్రీహరికోటకు వెళ్ళే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యగా సాగుతుంది. లోతులేని ఉప్పునీటిలో ఫ్లెమింగోలు తల తలకిందులుగా పెట్టి మేస్తుంటాయి. వాటి గులాబీ రంగు తిండివల్ల వచ్చిందే. నాచులోనూ, చిన్న చిన్న రొయ్యలలోనూ ఉండే కెరోటిన్ జాతి రంగులే ఈకలకు పడతాయి. ఆ జాతి పదార్థమే మన క్యారెట్టులో, మునగాకులో ఉండి కంటికి మేలు చేస్తుంది. సూళ్ళూరుపేటకు ఉత్తరాన ఉన్న నేలపట్టు చెరువులో, నీళ్ళలో నిలిచిన కడప చెట్లమీద గూడబాతులు పిల్లల్ని సాకుతుంటాయి.

ఉత్తరదేశాలనుంచి వచ్చిన పక్షులు ఆ రోజుల్లో తిరుగు ప్రయాణానికి సిద్ధమవుతుంటాయి. అవి కడుపునిండా తిని కొవ్వు పెంచుకుంటాయి, దారిలో ఖర్చు పెట్టేస్తాయి. మనం పెంచుకోవడం వరకే నేర్చుకున్నాం!

కళ్ళ జాగ్రత్త

రోజంతా ఫోనులోకి చూసే కళ్ళకు దూరపు చూపు మంచి విశ్రాంతి. పిల్లల్ని తప్పక తీసుకెళ్ళండి. ఆరుబయట వెలుగులో ఎక్కువసేపు గడిపే పిల్లలకు హ్రస్వదృష్టి వచ్చే అవకాశం తగ్గుతుంది. దుర్భిణితో సూర్యుడివైపు మాత్రం ఒక్క క్షణమైనా చూడనివ్వకండి. కంటిపొర కాలిపోతుంది, ఆ చూపు మళ్ళీ రాకపోవచ్చు. సూర్యుణ్ణి వీపువైపు ఉంచుకుని నిలబడితే కళ్ళకూ క్షేమం, పక్షుల రంగులూ బాగా కనిపిస్తాయి. 8×42 అని రాసి ఉన్న దుర్భిణి చాలు. అంతకన్నా పెద్దదిగా చూపేవి పెద్దవాళ్ళ చేతుల్లో వణుకుతాయి.

నీళ్ళలో దిగకండి

చిత్తడి నేలలో చెప్పులు లేకుండా నడవకండి. ఎలుకల, పశువుల మూత్రం కలిసిన నీళ్ళలోని క్రిములు కాలి పగుళ్ళగుండా ఒంట్లో ప్రవేశించి 'ఎలుక జ్వరం' తెస్తాయి. వెళ్ళొచ్చిన కొద్దిరోజుల్లో జ్వరం, పిక్కల నొప్పులు, కళ్ళు ఎర్రబడటం కనిపిస్తే డాక్టరుకు "నీళ్ళలో దిగాను" అని మీరే చెప్పండి. ఆ ఒక్క మాట ప్రాణం కాపాడవచ్చు. చక్కెర వ్యాధి ఉన్నవారికి కాలికి తగిలిన దెబ్బ తెలియకపోవచ్చు. ఇంటికి రాగానే పాదాలు కడిగి, వేళ్ళ సందులు కూడా పరీక్షించుకోండి. పాము కాటేస్తే కోయడం, పీల్చడం, తాడుతో బిగించడం వద్దు. కాలు కదపకుండా ఉంచి 108కి ఫోను చేయండి.

ఖాళీ కడుపుతో వద్దు

చక్కెర వ్యాధికి మందు వేసుకుని, ఏమీ తినకుండా బయలుదేరకండి. చెమట, వణుకు, తల తేలిపోవడం కనిపిస్తే వెంటనే మూడు చెంచాల పంచదార నోట్లో వేసుకోండి, తరువాత రెండు ఇడ్లీలు తినండి. రక్తపోటు మాత్రలు వాడేవారు గొంతుక్కూర్చుని చటాలున లేవకూడదు, కళ్ళు తిరుగుతాయి. మంచినీళ్ళు వెంట ఉంచుకోండి. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు ఎంత తాగాలో తమ డాక్టరునే అడగాలి. తొమ్మిది గంటలకల్లా నీడకు చేరండి.

చచ్చిన పక్షిని ముట్టుకోవద్దు

2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో కోళ్ళకు బర్డ్ ఫ్లూ సోకింది. అడవి పక్షులకూ ఆ జబ్బు సోకుతుంది. పడివున్న పక్షిని పిల్లలు జాలితో ఎత్తుకోబోతారు. వారించి, అటవీశాఖ సిబ్బందికి చెప్పండి. తినేముందు అందరూ సబ్బుతో చేతులు కడుక్కోండి.

ఇంత దూరం వెళ్ళలేనివారు ఊరి చెరువుగట్టు మీదికే వెళ్ళండి. లకుముకి పిట్ట, నీటికాకి, కొంగ అక్కడా ఉంటాయి. ఈ ఆదివారం ఎన్నిరకాలు కనిపించాయో ఒక పుస్తకంలో రాసుకోండి. వచ్చే ఆదివారం ఆ లెక్క పెంచాలని మీకే తోస్తుంది. ఇక నడకకు వెళ్ళమని మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు.