బొమ్మరిల్లు నిండా సామాన్లుంటే పిల్లలకి పనేముంది?

పండక్కి కొత్త చెప్పులు కొంటే ఆ ఖాళీ డబ్బా ఎక్కడికి పోయేదో ఇప్పుడు నలభై దాటిన పాతబస్తీ ఆడవాళ్లని అడిగితే చెప్తారు. డబ్బాని పక్కకి తిప్పితే గది, పైన మూత పెడితే డాబా. నాలుగు అగ్గిపెట్టెలు కలిపితే మంచం. దర్జీ దగ్గర మిగిలిన గుడ్డముక్క పరదా. అందులోకి గుడియా వచ్చేది, పక్కింటి గుడ్డాతో దానికి షాదీ జరిగేది, దావత్ కోసం అమ్మీని బతిమాలి ఒక గుప్పెడు నిజం బిర్యానీ తెచ్చుకునేవాళ్లు. తెలుగిళ్లలో ఇదే ఆట పేరు బొమ్మరిల్లు. అక్కడ వంటకి లక్కపిడతలు ఉండేవి.

ఇప్పుడు ఆ డబ్బా స్థానంలోకి గులాబీ రంగు ప్లాస్టిక్ మేడ వచ్చింది. ఒక స్విచ్ నొక్కితే లైటు, ఇంకోటి నొక్కితే పాట. కొన్నాళ్లకి బ్యాటరీ అయిపోతుంది, ఆ తర్వాత తలుపు విరుగుతుంది, ఇక అది అటక మీదకే. దీనికి బదులుగా చెక్క బొమ్మరిళ్లు ఆన్‌లైన్‌లో, హస్తకళల ఎగ్జిబిషన్లలో కనిపిస్తున్నాయి. ధర మాత్రం వేలల్లో ఉంటోంది. 'ఎకో ఫ్రెండ్లీ' అని స్టిక్కర్ వేస్తే సరిపోతుందా, అంత డబ్బు దేనికి పెట్టాలి అన్నది తల్లిదండ్రుల సందేహం. జవాబు సగం చెక్కలో ఉంది, సగం పిల్లల ఆటలో ఉంది.

హైదరాబాద్ హౌస్ కట్టినాయన బొమ్మరిల్లు

విదేశీ నేతలు ఢిల్లీకి వస్తే టీవీల్లో కనిపించే హైదరాబాద్ హౌస్‌ని నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కోసం డిజైన్ చేసింది ఎడ్విన్ లుట్యెన్స్. ఢిల్లీ పనులు సాగుతున్న రోజుల్లోనే ఆయన ఇంకో చిన్న ఇల్లు కూడా గీశాడు. అది బ్రిటన్ రాణి మేరీ కోసం 1921 నుంచి 1924 మధ్య తయారైన బొమ్మరిల్లు. అసలు ఇంట్లో పన్నెండో వంతు సైజు. కుళాయి తిప్పితే నీళ్లొస్తాయి, కరెంటు దీపాలు వెలుగుతాయి, లిఫ్టు కదులుతుంది. లైబ్రరీలో ఆర్థర్ కానన్ డాయల్ లాంటి రచయితలు సొంత చేత్తో రాసిచ్చిన బుల్లి పుస్తకాలు ఉన్నాయి. విండ్సర్ కోటలో ఇప్పటికీ దాన్ని చూడొచ్చు. చూడటం వరకే.

నిజానికి యూరప్‌లో తొలినాటి బొమ్మరిళ్లు పిల్లల కోసం పుట్టినవి కావు. డబ్బున్న కుటుంబాల పెద్దవాళ్లు తమ వైభవం చూపించుకోవడానికి చేయించుకున్న అద్దాల బీరువాలవి. అందుకే వాటిలో లేని వస్తువంటూ ఉండదు. ఇప్పుడు బజార్లో దొరికే ప్లాస్టిక్ మేడలు కూడా చవక రేటులో అదే పని చేస్తున్నాయి. ఫ్రిజ్, టీవీ, సోఫా, షాండ్లియర్ అన్నీ అతికించే వస్తాయి. పిల్ల వచ్చి చేయాల్సిన పని ఏదీ మిగల్లేదు.

కప్పులో చాయ్ లేకపోయినా

ఏడాదిన్నర, రెండేళ్ల వయసులో పిల్లలు ఖాళీ కప్పు తెచ్చి "చాయ్ తాగు" అంటారు. పెద్దవాళ్లు నవ్వి ఊరుకుంటారు గానీ, అక్కడ జరిగింది చిన్న సంగతి కాదు. కప్పులో ఏమీ లేదని పిల్లకి తెలుసు. అయినా ఉన్నట్టు నడుచుకుంటోంది, ఎదుటివాళ్లని కూడా నడుచుకోమంటోంది. రష్యన్ మనస్తత్వవేత్త లెవ్ వైగోట్‌స్కీ 1933లో ఇచ్చిన ఒక ప్రసంగంలో దీన్ని కర్ర గుర్రంతో వివరించాడు. పిల్లవాడు కర్ర మీద ఎక్కి పరిగెత్తినప్పుడు 'గుర్రం' అనే అర్థం అసలు గుర్రం నుంచి విడిపోయి కర్ర మీదకి వస్తుంది. రేపు బడిలో 'అ' అనే గీత ఒక శబ్దానికి గుర్తని, 'అలిఫ్' అనే నిలువు గీత ఇంకో శబ్దానికి గుర్తని ఒప్పుకోవడానికి కావాల్సిన శక్తి కూడా ఇదే. ఒక వస్తువు ఇంకో వస్తువుకి బదులు నిలబడగలదని పిల్లలు మొదట నేర్చుకునేది ఆటలోనే.

దీని మీద పరిశోధనలు కూడా జరిగాయి. బ్రిటన్‌లోని కార్డిఫ్ యూనివర్సిటీ 2020లో 4 నుంచి 8 ఏళ్ల వయసున్న 33 మంది పిల్లలు బొమ్మలతో ఆడుతుంటే వాళ్ల మెదడు కదలికలు రికార్డ్ చేసింది. ఎదుటి మనిషి మనసు అర్థం చేసుకునేటప్పుడు పనిచేసే భాగం, ఒంటరిగా బొమ్మలతో ఆడుతున్నప్పుడు కూడా చురుగ్గా ఉందని తేలింది. ట్యాబ్లెట్ మీద ఒంటరిగా గేమ్ ఆడితే అంతగా లేదు. అయితే ఈ స్టడీకి డబ్బులిచ్చింది బార్బీ తయారుచేసే మాటెల్ కంపెనీ. అది గుర్తుంచుకునే ఫలితం చదవాలి. బొమ్మల కంపెనీల ప్రమేయం లేకుండా ఆలోచించినా, గుడియాకి జ్వరమొచ్చిందని పిల్ల దాని తల నిమరడం చూసినవాళ్లకి ఆ మాట పెద్ద ఆశ్చర్యం అనిపించదు.

సామాన్ల సంఖ్యకి సంబంధించిన స్టడీ ఇంకొకటి ఉంది. అమెరికాలోని టొలీడో యూనివర్సిటీ వాళ్లు 2018లో ప్రచురించింది. ఏడాదిన్నర నుంచి రెండున్నర ఏళ్ల పిల్లలు 36 మందిని ఒకసారి 4 బొమ్మలతో, ఇంకోసారి 16 బొమ్మలతో ఆడనిచ్చారు. నాలుగే ఉన్నప్పుడు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారు. పదహారు ఉంటే ఒకటి పట్టుకుని ఇంకోటి వదిలేశారు.

తక్కువ పెట్టడమే డిజైన్

చెక్క బొమ్మరిల్లు తయారుచేసేవాళ్లకి ఇది చాలా ఉపయోగపడే విషయం. తక్కువ భాగాలు పెడితే కలప తక్కువ పడుతుంది, ఖర్చు తగ్గుతుంది, పైగా ఆట పెరుగుతుంది. పర్యావరణానికి మంచిది, పిల్లలకి మంచిది ఇక్కడ ఒకే వైపు నడుస్తాయి. అందుకే మంచి డిజైన్‌లో గదులు ఖాళీగా ఉంటాయి, ఇది వంటిల్లు ఇది పడకగది అని గోడ మీద గీయరు. వెనక వైపు పూర్తిగా తెరిచి ఉంటుంది. నాలుగు వైపుల నుంచీ చేయి పెట్టగలిగితే ఇంకా మంచిది, అక్కాచెల్లెళ్లు చోటు కోసం కొట్టుకోరు.

సైజు సంగతికొస్తే, పన్నెండో వంతు స్కేల్‌లో ఐదున్నర అడుగుల మనిషి 14 సెంటీమీటర్లు ఉంటాడు, పది అడుగుల గది ఎత్తు సుమారు 25 సెంటీమీటర్లు వస్తుంది. రెండంతస్తులంటే అర మీటరు. మన అపార్ట్‌మెంట్లలో ఇది చాలా చోటు. బొమ్మని 8, 9 సెంటీమీటర్లకి కుదిస్తే ఇల్లు మంచం కింద పడుతుంది. గోడలు మేకులు కొట్టకుండా గాడి కోసి ఒకదానిలో ఒకటి దిగేలా చేస్తే విప్పి పక్కన పెట్టుకోవచ్చు. ఒక గోడ విరిగితే వడ్రంగి ఆ ఒక్క పలకే కోసిస్తాడు. ప్లాస్టిక్ మేడకి ఈ రిపేరు కుదరదు, జిగురు అంటించినా నిలవదు.

బజార్లో దొరికే చెక్క ఇళ్లకి ఏటవాలు కప్పు, పొగగొట్టం ఎందుకో అర్థం కాదు. మన పిల్లలు చూసేది డాబా, దాని మీద నీళ్ల ట్యాంకు, బట్టలు ఆరేసే తీగ, ముందు అరుగు, పాత ఇళ్లయితే మధ్యలో ఆంగన్. పిల్లలు తాము చూసిందే ఆడతారు. ఒక డిజైనర్ చదునైన కప్పు పెట్టి, దాని మీద గుండ్రటి చెక్కముక్క ఒకటి ఉంచితే ట్యాంకు అయిపోతుంది. రేపు అదే ముక్క బిర్యానీ దేగ్చా కూడా అవుతుంది.

బొమ్మల ముఖాల గురించి కూడా ఒక మాట. కళ్లూ ముక్కూ లేని, గుండ్రటి తలతో ఉండే చెక్క బొమ్మలు దొరుకుతున్నాయి. దీనీ కారణాల వల్ల అలాంటివే కావాలనే ఇళ్లు మన దగ్గర ఉన్నాయి. జర్మనీలో మొదలైన వాల్డోర్ఫ్ బడుల్లో కూడా ముఖాలు దాదాపు ఖాళీగానే ఉంచుతారు, వాళ్ల కారణం వేరు. నవ్వు గీస్తే బొమ్మ ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది, గీయకపోతే ఏడుస్తోందో కోపంగా ఉందో పిల్లే చెప్తుంది.

ఏ చెక్క, ఏ రంగు

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక వాళ్లు వాడేది అంకుడు కర్ర. కర్ణాటకలోని చన్నపట్నలో ఆలె మర అనేది కూడా ఇదే చెట్టు. మెత్తగా, తెల్లగా ఉంటుంది. నరికిన మొద్దు నుంచి మళ్లీ చిగురిస్తుంది, కాబట్టి చెట్టు చావకుండా కొమ్మలు తీసుకోవచ్చు. అయితే నాటేవాళ్లు లేకుండా నరుకుతూ పోతే ఇదైనా మిగలదు. కొండపల్లి, నిర్మల్ బొమ్మలకి వాడే తెల్ల పొణికి కర్ర కొరతే అందుకు ఉదాహరణ.

ఏటికొప్పాకలో కర్రని తరిణి మీద తిప్పుతూ లక్క కడ్డీ ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి రంగు పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. పసుపుకి పసుపు కొమ్ము, నీలానికి నీలిమందు, నారింజకి జాఫ్రా గింజలు. ఈ సహజ రంగుల్ని మళ్లీ వాడకంలోకి తెచ్చిన సి.వి.రాజుకి 2023లో పద్మశ్రీ వచ్చింది. 2017లో ఈ బొమ్మలకి జీఐ గుర్తింపు, 2025 రిపబ్లిక్ డే పరేడ్‌లో ఆంధ్రప్రదేశ్ శకటంగా చోటు కూడా దక్కాయి. చన్నపట్నది వేరే కథ. టిప్పు సుల్తాన్ కాలంలో మొదలైందని చెప్పే ఆ పనికి ఆధునిక రూపం ఇచ్చింది బవాస్ మియా అంటారు. ఇప్పటికీ అక్కడ చాలా ముస్లిం కుటుంబాలు ఈ పని మీదే బతుకుతున్నాయి.

కాకపోతే ఒక చిక్కుంది. తరిణి మీద గుండ్రటివే వస్తాయి. గిన్నెలు, స్తంభాలు, మనుషులు బాగా వస్తారు గానీ గోడ రాదు. గోడకి పలక కావాలి. దానికి మామిడి, లేదా పాలు ఆగిపోయాక నరికే రబ్బరు చెట్టు కలప, లేదంటే ఫర్నిచర్ షాపులో మిగిలిన టేకు ముక్కలు మంచివి. చాలా 'చెక్క' ఇళ్లు నిజానికి ఎండీఎఫ్. చెక్కపొడిని జిగురుతో అతికించిన అట్ట అది, ఆ జిగురులో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. తప్పదంటే ఈ-0, ఈ-1 గ్రేడు అడగాలి, కోసిన అంచులు మూసి ఉన్నాయా చూడాలి. ఇంట్లో మిగిలిన పాత పెయింట్ వేయడం అసలు వద్దు. పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదన్న రూల్ అమల్లోకి వచ్చింది 2017 నవంబర్‌లోనే. అంతకు ముందు డబ్బాలో ఎంత ఉందో ఎవరు చెప్తారు?

ఐఎస్ఐ మార్కు లేకపోతే?

2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. బయట నుంచి వచ్చే బొమ్మల మీద కస్టమ్స్ సుంకం కూడా 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచారు. హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర రిజిస్టర్ అయిన కళాకారులకి, జీఐ ఉన్న వస్తువుల అధీకృత తయారీదారులకి మాత్రం ఆ మార్కు నుంచి మినహాయింపు ఉంది. లేకపోతే ఒక్కో రకానికి టెస్టింగ్ ఖర్చు భరించలేక ఈ ఊళ్లు ఎప్పుడో మూతపడేవి. కాబట్టి ఏటికొప్పాక పిడత మీద మార్కు లేదంటే నకిలీ అని కాదు. కానీ రంగు ఏంటి, లక్కేనా అని అడిగే బాధ్యత కొనేవాళ్ల మీద పడుతుంది. ఇంకో జాగ్రత్త, మూడేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో 32 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న గొట్టంలో పట్టేంత చిన్న ముక్కలు ఉండకూడదు, గొంతులో అడ్డుపడతాయి. లక్కపిడతల్లో చాలా వాటికి ఇది వర్తిస్తుంది.

ధర సంగతి చూద్దాం. ఉదాహరణకి 1500 రూపాయల ప్లాస్టిక్ మేడ ఏడాది ఉంటుంది అనుకుంటే ఏడాదికి 1500. 4500 పెట్టిన చెక్క ఇల్లు ఇద్దరు పిల్లల చేతుల్లో ఆరేళ్లు నడిస్తే ఏడాదికి 750. లెక్క బాగుంది, కానీ ఒకేసారి 4500 తీసే ఇళ్లు ఎన్ని? అంత లేనివాళ్లు నాలుగు గోడలు, ఒక కప్పు మాత్రమే దగ్గర్లోని వడ్రంగితో మిగులు ముక్కల్లో కోయించుకోవచ్చు, అంచులు గరుకు కాగితంతో బాగా రుద్దిస్తే చాలు. మొదటి నెల ఫర్నిచర్ ఏదీ కొనొద్దు. అగ్గిపెట్టెలు, గుడ్డముక్కలు, దారపు ఉండలు ఒక బుట్టలో పెట్టి పక్కన ఉంచండి. కొలత కుదిరితే పండగ చెప్పుల డబ్బా దానికి మూడో అంతస్తు అవుతుంది.