మంచిపేరు ముందు మెదడు మౌనం

చీటీ పాడుకుని డబ్బు తీసుకున్నావిడ మిగతా నెలలన్నీ సక్రమంగా కడుతుందా? చీటీ నడిపే ప్రతి ఆడమనిషికీ ఉండే బెంగే ఇది. మా ఎర్రగుంట్లలో ఇంకాస్త ఎక్కువ. సిమెంటు ఫ్యాక్టరీల వాళ్లు, నాపరాళ్ల గనుల్లో పనిచేసేవాళ్లు, రైల్వే వాళ్లు... వచ్చేవాళ్లు వస్తుంటారు, బదిలీల మీద పోయేవాళ్లు పోతుంటారు. పక్కింట్లో దిగి ఆర్నెల్లు కాకముందే "అక్కా, నన్నూ చీటీలో కలుపుకోండి" అంటారు. కాదంటే బాగుండదు, సరేననడానికి ధైర్యం చాలదు. అప్పుడు మన తలలో జరిగే లెక్క ఏమిటి?

ఆ లెక్కను మెదడు బొమ్మలు తీసి పట్టుకోవాలని అమెరికాలో కొందరు శాస్త్రవేత్తలు ప్రయత్నించారు. 2005లో వచ్చిన రెండు పరిశోధనల గురించి చదువుతుంటే ఇవి మన చీటీల మీదే చేశారా అనిపించింది నాకు.

మొదటిది బ్రూక్స్ కింగ్-కాసాస్, రీడ్ మాంటేగ్ బృందం చేసింది. ముక్కూమొహం తెలియని ఇద్దరిద్దరిని, మొత్తం 48 జతలను, చెరొక ఎమ్మారై మిషన్‌లో పడుకోబెట్టి ఒక ఆట ఆడించారు. ఒకరి దగ్గర 20 పాయింట్లుంటాయి. అందులోంచి ఎంతైనా రెండోవారికి పంపొచ్చు. పంపింది మూడింతలై చేరుతుంది. దాంట్లో ఎంత తిరిగివ్వాలన్నది ఆ రెండోవారి ఇష్టం. మొత్తం ఎగ్గొట్టినా అడిగేవాడు లేడు! ఇలా పదిసార్లు.

ఎమ్మారై అంటే నడుంనొప్పికి కడపకు పోయి తీయించుకుంటామే, అదే. మెదడులో ఏ భాగం చురుగ్గా ఉంటే అక్కడికి ప్రాణవాయువున్న రక్తం ఎక్కువగా చేరుతుంది. ఆ తేడాను మిషన్ పసిగడుతుంది.

డబ్బు అందుకునేవారి మెదడు లోతుల్లో కాడేట్ అనే చిన్న భాగం ఉంది. ఈసారి అవతలివారికి ఎక్కువ తిరిగివ్వాలి అనే ఉద్దేశం తొలి ఆటల్లో, ఎంత పంపారో తెలిశాకే అక్కడ కనిపించింది. ఆట సాగేకొద్దీ అది ముందుకు జరిగింది. చివరికొచ్చేసరికి సుమారు 14 సెకన్లు ముందే, అంటే అవతలివారు ఎంత పంపారో తెలియకముందే కనిపించింది! ఆ మనిషి ఇలాంటిదని అప్పటికే ఒక అంచనా కుదిరిపోయిందన్నమాట.

అంచనా ఎలా కుదురుతుంది? యాభై వస్తుందనుకున్నచోట డెబ్భై వస్తే నమ్మకం కాస్త పెరుగుతుంది. ముప్ఫై వస్తే కాస్త తగ్గుతుంది. అనుకున్నదానికీ వచ్చినదానికీ ఉన్న ఈ తేడానే గణిత సూత్రంగా రాసి, మెదడు బొమ్మలతో సరిపోల్చి చూస్తారు. ఇది మనకు కొత్తేం కాదు లెండి. నెలనెలా మనం చేసే పనే.

అసలు సంగతి రెండో పరిశోధనలో ఉంది. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో మారిసియో డెల్గాడో, రాబర్ట్ ఫ్రాంక్, ఎలిజబెత్ ఫెల్ప్స్ చేశారు. ఆటకు ముందే ముగ్గురు మనుషుల కథలు చదివించారు. ఒకరు పరోపకారి, ఒకరు దుర్మార్గుడు, ఇంకొకరు మామూలు మనిషి. ఆటలో ముగ్గురూ తిరిగిచ్చింది సమానమే, రెండుసార్లకు ఒకసారి. అయినా ఆడినవాళ్లు పరోపకారికే ఎక్కువసార్లు డబ్బిస్తూ పోయారు. మామూలు మనిషి విషయంలో కాడేట్ లాభానికీ నష్టానికీ స్పష్టంగా తేడా చూపించింది. పరోపకారి ఎగ్గొట్టినప్పుడు మాత్రం ఆ తేడా దాదాపు లేదు.

ఇది చదివాక మా పక్క వీధి చీటీ గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది? ఆ చీటీ నడిపినావిడ ఎవరింట్లో పెళ్లయినా చావయినా ముందుండేది. అయిదో తారీకున ఇవ్వాల్సిన పాట డబ్బు పన్నెండుకిచ్చింది, ఆ తర్వాత ఇరవైకి. "పెద్దావిడ, ఏదో ఇబ్బంది ఉంటుందిలే" అన్నారంతా. నాలుగో నెల ఇంటికి తాళం. అదే చీటీలో కొత్తగా వచ్చిన ఫ్యాక్టరీ ఉద్యోగి భార్య ఒక్కరోజు ఆలస్యం చేస్తే నలుగురు గుమ్మం ముందు నిలబడ్డారు! ఆ అమ్మాయి చివరిదాకా పైసాతో సహా కట్టింది.

ఈ పరీక్షలు అమెరికా వాళ్ల మీద, కొద్దిమంది మీద చేసినవి. ఆటలో పోయే పాయింట్లూ, కూతురి పెళ్లికని దాచిన డబ్బూ ఒకటి కావు. ఫలానా మనిషి కడుతుందా ఎగ్గొడుతుందా అని చెప్పే మిషనూ ఇది కాదు. కానీ డ్వాక్రా సంఘాల్లో పదిమంది ముందు డబ్బు కట్టించి, పుస్తకంలో రాయించే పద్ధతి ఎందుకు పనికొస్తుందో నాకు కొంత అర్థమైంది. పుస్తకానికి పెద్దావిడా కొత్తావిడా తేడా లేదు కదా!

పక్క వీధిలో ఇప్పుడు కొత్త చీటీ మొదలైంది. నోటుపుస్తకంలో పేరు పక్కన కట్టిన తేదీ కూడా వేస్తున్నారు, నడిపే ఆవిడ పేరు పక్కన కూడా.