వాంబాట్ బొరియ – మన హాస్టల్ హాలు

తమ్ముళ్ళారా! పొట్టమీది సంచిలో పిల్లను పెంచే జంతువు అనగానే మనకు కంగారూ గుర్తుకొస్తుంది. ఇలాంటి జంతువులను మార్సూపియల్స్ అంటారు. ఆస్ట్రేలియాలో ఉండే వాంబాట్ కూడా మార్సూపియలే. బొరియ తవ్వేటప్పుడు సంచిలో మట్టి పడకుండా దాని సంచి నోరు వెనకవైపుకు ఉంటుంది. ఇంత చక్కని ఏర్పాటున్న జంతువును కంటికి సరిగా ఆనని ఒక పురుగు చంపేస్తోంది.

ఆ పరాన్నజీవి పేరు సార్కోప్టిస్ స్కేబియై. అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఆడపురుగు చర్మంలో సొరంగం తొలిచి గుడ్లు పెడుతుంది. వాంబాట్ గోక్కొని గోక్కొని వెంట్రుకలు రాలిపోతాయి. చర్మం మందమై బీటలు వారుతుంది, పుండ్లు పడతాయి. చివరకు బక్కచిక్కి చనిపోతుంది. టాస్మానియాలోని నరాన్‌టపు జాతీయ పార్కులో 2010 – 2017 మధ్య ఈ గజ్జి వల్ల వాంబాట్‌లు 94 శాతం తగ్గిపోయాయి.

వాంబాట్‌లు మంద కట్టవు. మరి ఒకదాన్నుంచి ఒకదానికి ఎలా అంటుకుంటుంది? బొరియలోనే. ఒకటి వదిలిన బొరియలో కొద్దిరోజులకు మరొకటి పడుకుంటుంది. చల్లగా, చెమ్మగా ఉండే ఆ చోట రాలిన పురుగులు కొన్నాళ్ళు బతుకుతాయి. అందుకే అక్కడివారు బొరియ ద్వారానికి తలుపులాంటి పలక వేలాడదీసి, దానిపై మందు ఉంచుతారు. వాంబాట్ తోసుకొని వెళ్ళగానే మందు వీపుమీద పడుతుంది.

మనుషుల గజ్జికి కారణం కూడా ఇదే జాతి పురుగు. పీజీలో జంతుశాస్త్రం చదివాకగానీ మాకీ సంగతి తెలియలేదు. ఏడో తరగతిలో మేము ఒక్కో దుప్పట్లో ఇద్దరేసి పడుకునేవాళ్ళం. గజ్జి వస్తే "స్నానం చెయ్యరు" అని తిట్టి, భోజనాల దగ్గర విడిగా కూర్చోబెట్టేవారు. వేళ్ళ సందులు కనపడకుండా పిడికిలి బిగించుకొని కూర్చునేవాళ్ళం. కాని తప్పు మాది కాదు, ఇరుకుది. ఎంత స్నానం చేసినా చర్మం లోపలి పురుగు పోదు.

మొదటిసారి అంటుకున్నాక దురద కనపడటానికి 4 నుంచి 6 వారాలు పట్టవచ్చు. ఈలోగా అది పక్కవాడికి చేరిపోతుంది. కనుక దురద ఉన్నవాడికే మందు రాస్తే చాలదు. డాక్టరు చెప్పిన ప్రకారం గదిలోని అందరూ ఒకే రాత్రి పర్మెత్రిన్ మందు మెడ నుంచి పాదాల దాకా పూసుకోవాలి. వారం తర్వాత మళ్ళీ పూసుకోవాలి. బట్టలు, దుప్పట్లు వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరేయాలి.

వాంబాట్‌కు చెప్పుకునే నోరు లేదు. మనకుంది. దురద మొదలైన రోజే వార్డెన్ సారుకు చెప్పండి. పక్కవాడికి వస్తే దూరం జరగకండి. వాడితోపాటు మీరూ మందు రాసుకోండి.